నాలుగు వందల పన్నెండు రాళ్లు

గుడిలో మొత్తం రాళ్లు నాలుగు వందల పన్నెండు. పునాది కింద పోసిన ఇసుక, లోపలి శివలింగం ఈ లెక్కలోకి రావు. రెండుసార్లు నేనే లెక్కపెట్టాను. మూడోసారి మా సర్వే విభాగంలో ఇంకొకాయన చేత లెక్కపెట్టించాను. మూడుసార్లూ అంతే వచ్చింది. ఆ రాళ్లు మళ్లీ గుడి కాలేకపోయిన సంగతి రాస్తున్నాను.

నేను బొగ్గు గనిలో, సర్వే వాళ్ల వెనక టేపూ గొలుసూ పట్టుకుని తిరిగే ఉద్యోగిని. చదివింది పదో తరగతి. కోణాలు, ఘనపరిమాణాలు సర్వేయర్లు పారేసిన పాత పుస్తకాల్లో చూసి నేర్చుకున్నాను. ఆ గుడి ఉన్న ఊరు సత్తుపల్లి నుంచి అశ్వారావుపేట వెళ్లే దారికి లోపల, అడవి అంచున ఉండేది. కింద బొగ్గు ఉంది కాబట్టి ఊరు అక్కడి నుంచి లేవాలి. వేంసూరు వైపు పామాయిల్ తోటల మధ్య కొత్త కాలనీ వేశారు. ఇళ్ల కొలతలు, పొలాల కొలతలు అన్నీ అయ్యాక ఊరివాళ్లు ఒక్క షరతు పెట్టారు. తమ పాత శివాలయాన్ని రాయి రాయిగా విప్పి, కాలనీలో అట్లాగే నిలబెట్టాలి.

ఆ షరతు వెనక ఉన్నది ఒక ముసలామె. ఊరంతా అవ్వ అనేవాళ్లు, నేనూ అట్లాగే పిలిచాను. ఆమె భర్త వంశంవాళ్లు ఆ గుడిలో దీపం పెట్టేవాళ్లు. భర్త పోయాక పిల్లలు లేని ఆమె ఆ పని చేతిలోకి తీసుకుంది. పంచాయతీ ఆఫీసు ముందు మీటింగు జరిగిన రోజు నేను టేపు పట్టుకుని ఒక మూల నిలబడి ఉన్నాను.

"కొత్తది కట్టిస్తమమ్మా, సిమెంటుతోని. దీనికంటె పెద్దగ," అన్నాడు గని అధికారి.

"పెద్దగ ఎందుకయ్యా? ఆయన ఏమన్న పెరిగిండా?" అంది అవ్వ.

జనం నవ్వారు. అధికారి కూడా నవ్వాడు. కానీ ఆమె నవ్వలేదు. "గా గుడి నిలవడితెనే నేను వస్త. లేకుంటె నన్ను ఈడనే పూడ్చున్రి," అని కూర్చుంది.

అప్పుడు మా సర్వేయర్ నావైపు చూపించి, "సార్, మా దగ్గర ఒకాయన ఉన్నడు. ఇరవై ఏండ్ల సంది కంబోడియా గుళ్ల లెక్కలు చేస్తుండు. ఇంట్ల వంటింటి గోడ పగిలింది మాత్రం కండ్లకు కానరాదు," అన్నాడు.

అది నిజమే. మా కాలనీ క్లబ్బులో పాత పేపర్ల కింద నాకొక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అట్టలు లేవు. లోపల కంబోడియాలోని అంగ్‌కోర్ ప్రాంతపు గుళ్ల ప్లాన్లు, కొలతలు ఉన్నాయి. ప్లాను చదవడానికి పెద్దగా ఇంగ్లీషు అక్కర్లేదు. ఎనిమిది కిలోమీటర్ల పొడవు, రెండు కిలోమీటర్ల పైచిలుకు వెడల్పుతో ఒక్క చెరువు. అది తవ్విన గొయ్యి కాదు, నేలమీద నాలుగు వైపులా కట్టలు పోసి నీళ్లు నిలిపింది. గుడి లోపల గుట్టలా పేర్చిన భాగానికి ఎర్రటి మొరపు రాయి వాడారు. తవ్వినప్పుడు కత్తికి తెగుతుంది, గాలి తగిలాక గట్టిపడుతుంది. పైన కనపడే చోట మాత్రం ఇసుకరాయి. ఆ ఇసుకరాయిని దూరాన ఉన్న కొండల్లో కోసి కాలవల మీద తెచ్చారు. రాళ్ల మధ్య సున్నం లేదు. ఒకదాని మీద ఇంకొకటి అరగదీసి, సందు లేకుండా కూర్చారు.

నన్ను పట్టుకున్నది వాళ్ల కప్పు. కమాను కట్టడం వాళ్ల పద్ధతి కాదు. రెండు గోడల మీదా ఒక్కో రాయినీ కొంచెం కొంచెం ముందుకి జరుపుతూ, మెట్లు మెట్లుగా దగ్గరికి తెచ్చి, పైన ఒక రాయితో మూస్తారు. అందుకే అంత పెద్ద గుళ్లలో నడవాలు అంత ఇరుకు. ఎంతవరకు జరపవచ్చో చూద్దామని మా పెరట్లో ఇటుకలు పేర్చాను. పై ఇటుక సగం జరుగుతుంది, దాని కిందిది నాలుగో వంతు, ఆ కిందిది ఆరో వంతు, తర్వాతది ఎనిమిదో వంతు. నాలుగు కలిపితే ఒక ఇటుక పొడవు దాటుతుంది. అంటే అన్నిటికన్నా పైనున్న ఇటుక పూర్తిగా గాలిలో ఉంటుంది, అయినా పడదు. అది కాగితం మీద ముందే తెలిసినా, కళ్లతో చూసేసరికి నా భార్యను పిలిచాను. ఆమె వచ్చి చూసి, "బాగుంది. ఇటుకలు జల్దీ లోపల పెట్టు, వాన వచ్చేటట్టుంది," అంది.

ఊరి గుడి చిన్నది. గర్భగుడి, దాని ముందు నాలుగు స్తంభాల మండపం, అంతే. ఎప్పటిదో ఎవరూ చెప్పలేరు, కాకతీయుల కాలందని అంటారు. మొదటిసారి లోపలికి వెళ్లి పైకి చూశాను. చదరానికి నాలుగు మూలలా అడ్డంగా పలకలు వేసి, చిన్న చదరం చేసి, దాని మూలల్లో మళ్లీ పలకలు వేసి, చివర పద్మం చెక్కిన ఒక్క రాయితో మూశారు. ముందుకి జరుపుతూ మూయడమే. సముద్రం అవతల వాళ్లు చేసిందీ, అడవి అంచున వీళ్లు చేసిందీ ఒకే ఆలోచన. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను.

"మీ యేసయ్య ఏమనడా, మా గుళ్లకొచ్చినందుకు?" అంది అవ్వ, వత్తి చేసుకుంటూ.

మాది మూడు తరాలుగా చర్చికి పోయే కుటుంబమని ఎవరో చెప్పినట్టుంది.

"లెక్కల పనికొచ్చిన అవ్వా. దానికి ఏమనడు."

"ఏమన్న అంటె నా పేరు చెప్పు."

ఆ వారంలోనే ఆమెకి బాఫువోన్ కథ చెప్పాను. అది అంగ్‌కోర్‌లో ఒక శివాలయం, కొండంత ఎత్తు. లోపల నింపిన ఇసుక బరువుకి కూలిపోతుంటే, నిపుణులు దాన్ని విప్పి మళ్లీ కట్టాలనుకున్నారు. సుమారు మూడు లక్షల రాళ్లు విప్పి చుట్టూ అడవిలో పరిచారు. ఏ రాయి ఎక్కడిదో కాగితాల్లో రాసుకున్నారు. ఇంతలో ఆ దేశంలో యుద్ధం వచ్చింది. కాగితాలు నాశనమయ్యాయి. రాళ్లు మాత్రం అడవిలో ఉండిపోయాయి.

"మల్ల?"

"ఇరవై ఏండ్లకు పైననే గట్ల పడున్నయి. తర్వాత ఒక్కొక్క రాయి కొలిచి, జత చూసి, పదహారేండ్లు కట్టిన్రు."

"కట్టిన్రు గదా," అంది అవ్వ. ఆమెకి అదొక్కటే వినపడింది.

నేను ఆ కథ చెప్పింది గుర్తులు ఎంత ముఖ్యమో తెలియడానికి. ఆమె మాత్రం గుర్తులు పోయినా గుడి నిలబడుతుందని అర్థం చేసుకుంది. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

గుడి గోడల మీద ఏటేటా వేసిన సున్నం వేలి మందాన పేరుకుపోయి ఉంది. రాయికి రాయికి మధ్య గీత కూడా కనపడదు. గీత కోసం గీకి, ప్రతి రాయికీ ఒక సంఖ్య ఇచ్చాను. వరుస, దిక్కు, ఆ దిక్కులో ఎన్నోది. మా గనిలో అయితే గుర్తును ఉలితో చెక్కుతాం. ఊరి పెద్దలు ఒప్పుకోలేదు. "దేవుని ఒంటి మీద ఉలి పెడ్తవా?" అన్నారు. ఎనామిల్ పెయింటూ వద్దన్నారు. గడపలకి, అరుగులకి పూసే ఎర్రమట్టి జాజు పరవాలేదన్నారు. ఎర్ర జాజు కలిపి, సున్నం మీద నాలుగు వందల పన్నెండు సంఖ్యలు రాశాను. పొడవు, ఎత్తు, మందం నోటుబుక్కులో రాసుకున్నాను. ఫోన్లో ఫోటోలు తీశాను.

సర్వేలో ఎప్పుడూ రెండో గుర్తు ఉండాలి. ఒకటి పోతే ఇంకొకటి పనికొస్తుంది. రాళ్లు విప్పాక, బయటికి కనపడని పక్క ముఖాల మీద అదే సంఖ్యని చిన్న ఉలిగాట్లుగా పెడతానని అవ్వని అడిగాను. ఆమె "లోపలనే గదా. పెట్టు," అంది. అందరికీ తానే చెబుతానంది.

మార్చి చివర్లో క్రేను వచ్చింది. తొమ్మిది రోజుల్లో గుడి నేలమీదికి దిగింది. పునాది తీసినప్పుడు ఇసుక బయటపడింది. అంగ్‌కోర్‌లో కూడా పునాదుల కింద ఇసుకే. అది తడిగా ఉన్నంత కాలం బరువు మోస్తుంది, భూమిలో నీళ్లు దిగిపోతే కుంగుతుంది అంటారు. ఇక్కడి ఇసుక పొడిపొడిగా వేళ్ల మధ్య నుంచి జారింది. మా గని పంపులు ఎన్నేళ్లుగా నీళ్లు తోడుతున్నాయో నాకు తెలుసు. గుడి ఈశాన్యం మూల రెండు అంగుళాలు ఎందుకు కుంగిందో అప్పుడు అర్థమైంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

రాళ్లన్నీ పక్కనే బీడుగా ఉన్న చెలకలో వరుసల ప్రకారం పరిచాం. ఉలిగాట్లు మొదలుపెట్టవలసింది గురువారం. మర్నాడు గుడ్ ఫ్రైడే, తర్వాత ఈస్టర్. నాలుగు వందల పన్నెండు గాట్లంటే తొందరపడి చేసే పని కాదని, పండగ అయ్యాక సోమవారం నింపాదిగా చేద్దామని ఉలీ సుత్తీ సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చాను.

సోమవారం పొద్దున వెళ్లేసరికి చెలకంతా పసుపు వాసన. ఊరు ఊరంతా అక్కడే ఉంది. డప్పులు ఓ పక్కన పెట్టి ఉన్నాయి. రాళ్లు నేను పరిచిన చోట లేవు. శుభ్రంగా, ఇసుకరాయి అసలు రంగులో, చిన్నవి చిన్నవాటితో పెద్దవి పెద్దవాటితో దొంతర్లుగా పేర్చి ఉన్నాయి.

"చూడు సారూ, ఎట్ల మెరుస్తున్నయో," అంది ఒకామె. చేతికి ఇంకా పసుపు ఉంది.

కొత్త ఇంటికి దేవుణ్ణి మురికితో తీసుకుపోరు. ఇంటింటి నుంచీ బిందెలతో నీళ్లు తెచ్చారు. అదే గని పంపుల వల్ల బావులు ఎండి, ట్యాంకరుతో పోసే నీళ్లు. వాళ్లు తాగడానికి పెట్టుకున్న నీళ్లు అవి. క్రేను డ్రైవరు ఒక్కో రాయినీ లేపి పట్టుకుంటే, ఆడవాళ్లు కొబ్బరి పీచుతో, మగవాళ్లు ఇనుప బ్రష్షులతో, ఆరు వైపులా తోమారు. సున్నం పొరలు పోయాయి, వాటితో పాటు జాజూ పోయింది. మూడు రోజులు చేశారు. క్రేను డ్రైవరు ఆ మూడు రోజులకి పైసా తీసుకోలేదు. లారీకి ఎక్కించడం తేలికవుతుందని ఒకే సైజువి ఒక చోట పెట్టింది అతనే.

ఒక రాయి మీద కూర్చోబోయి, దేవుడిదని గుర్తొచ్చి నేలమీద కూర్చున్నాను. అవ్వ వచ్చింది.

"మొదటి చెంబు నేనే పోసిన బిడ్డా," అంది. "మంచిగ చేసినమా?"

"నంబర్లు అవ్వా."

"పుస్తకంల రాసుకున్నవ్ గదా."

"పుస్తకంల నంబర్లున్నయి. రాళ్ల మీద లేవు."

ఆమె రాళ్ల వైపు చూసింది, నా వైపు చూసింది. "ఇంతమంది ఉన్నం. ఒక్కలం గూడ అడగలే నిన్ను," అంది.

వాళ్ల మీద కోపం రాలేదు. కడగకుండా ఏ దేవుడూ ఇల్లు మారడని ఆ ఊళ్లో పిల్లలకి కూడా తెలుసు. నాకు తెలియదు. నేను పెరిగిన చోట అట్లాంటిది లేదు. కానీ గురువారం నా చేతిలో ఉలి ఉంది. అది మాత్రం నాకు తెలుసు.

కాలనీలో స్థలం చదును చేసి, రాళ్లు దించాక పని మొదలుపెట్టాను. స్తంభాలు, దూలాలు, ద్వారబంధం, పైకప్పు పలకలు, మూలరాళ్లు, చెక్కడం ఉన్నవి అన్నీ వేరు చేస్తే నూట అరవై నాలుగు. వాటి చోటు చూడగానే తెలుస్తుంది. మిగిలినవి రెండు వందల నలభై ఎనిమిది, సాదా గోడరాళ్లు. ఎత్తును బట్టి ఎనిమిది వరుసలుగా విడదీయగలిగాను, వరుసకి ముప్పై ఒకటి. ఇక అక్కడ ఆగిపోయాను. ఫోటోల్లో ఉన్నవి తెల్లటి సున్నపు గోడలు, నా ముందున్నవి సున్నం లేని రాళ్లు. అంగ్‌కోర్‌లో రాళ్లు ఒక్కోటి ఒక్కో ఆకారం, పక్కదాని కోసం మూల కోసి, మెట్టు చెక్కి కూర్చినవి. అందుకే బాఫువోన్‌లో జత దొరికింది. ఇక్కడి వడ్రలు మాత్రం ఒక వరుసలో రాళ్లన్నీ ఒకే కొలతకి కోశారు. నా టేపుకి తేడా చిక్కలేదు. ఎప్పుడో చనిపోయిన ఆ మనుషులు అంత బాగా పనిచేయకపోయి ఉంటే బాగుండేదని మొదటిసారి అనుకున్నాను.

కొలత ఒకటే అయినా, మధ్యలో సున్నం లేని ఆ గోడలో ప్రతి రాయి పక్క ముఖం దాని జతకే సరిగ్గా ఆనుతుంది, జత తప్పితే గోడ పైకప్పు బరువు మోయదు. అది పెట్టి చూస్తే తప్ప తెలియదు. మొదటి చోటుకి ముప్పై ఒక్క రాళ్లలో ఏదైనా కావచ్చు, రెండో చోటుకి ముప్పై. అట్లా ఒక వరుసకి ఎక్కువలో ఎక్కువ నాలుగు వందల తొంభై ఆరు ప్రయత్నాలు. ఒక్కో రాయి మూడు క్వింటాళ్లు. క్రేను గనికి వెళ్లిపోయింది, మాకున్నది ముక్కాలి గుంజలు, చైను కప్పీ. పెట్టి చూసి తీయడానికి అరగంట. రోజుకి ఎనిమిది గంటల చొప్పున వరుసకి ముప్పై ఒక్క రోజులు, ఎనిమిది వరుసలకి రెండు వందల నలభై ఎనిమిది రోజులు. పైవైపు ఏదో కిందవైపు ఏదో కూడా తెలియదు కాబట్టి దానికి రెట్టింపు. అదృష్టం కలిసొచ్చి సగంలో అయిపోతుందనుకున్నా, మళ్లీ అదే రెండు వందల నలభై ఎనిమిది. ఊరు ఖాళీ చేయడానికి ఇచ్చిన గడువు డెబ్బై రోజులు.

సెలవు పెట్టి ఇద్దరు మేస్త్రీలతో మొదలుపెట్టాను. అవ్వ రోజూ ఆటోలో వచ్చి తడికె నీడన కూర్చునేది.

"ఎన్నయినయ్ బిడ్డా?"

"మూడు."

మర్నాడు: "ఎన్నయినయ్?"

"మూడే అవ్వా. నాలుగోది తప్పు పడ్డది, తీసేసినం."

మేస్త్రీ ఒకడు, "అవ్వా, నువ్వు అడిగినప్పుడల్ల ఒక రాయి తగ్గుతుంది. రేపు అడగకు," అన్నాడు. ఆమె నిజంగానే మర్నాడు అడగలేదు.

పదకొండు రోజులకి తొమ్మిది రాళ్లు నిలబడ్డాయి. పదో రాయి పెట్టబోతే, గోడ తిన్నగా ఉందో చూడ్డానికి కట్టిన నూలుదారం నుంచి ముప్పావు అంగుళం పక్కకి పోయి ఉంది. అంటే తొమ్మిదిలో కనీసం ఒకటి తప్పు. ఏదో తెలియదు. ఇనుప బ్రష్షులు అంచుల్ని కొద్దిగా అరగదీశాయి, అందుకని ఒకే చోట మూడు రాళ్లు సరిపోయినట్టు కనపడుతున్నాయి. ఆ తొమ్మిదీ తీయించాను. ఆ రోజు మేస్త్రీలు అన్నం తినకుండానే వెళ్లిపోయారు.

అధికారి వచ్చి చూశాడు. మంచివాడే. అరిచింది లేదు. "ఇంక ఎన్ని రోజులు పడతదో నీ లెక్క చెప్పు," అన్నాడు. నేను అబద్ధం చెప్పి ఉంటే ఇంకో నెల దొరికేదేమో. లెక్క చెప్పాను. మర్నాడు సిమెంటు దిగింది.

కొత్త గుడి నలభై రోజుల్లో లేచింది. లోపల టైల్సు, గోపురం మీద రంగులు. పాత లింగాన్ని అందులో పెట్టారు. ఊరు ఖాళీ అయింది, అవ్వకీ కాలనీలో ఒక గది ఇచ్చారు. తనని అక్కడే పూడ్చమన్న మనిషి ఆటో ఎక్కింది. కొత్త గుడికి ఒకసారి వెళ్లి, గడప దగ్గర నిలబడి వచ్చేసిందట. ఎందుకని అడిగాను.

"కిరాయి ఇల్లు లెక్కుంది," అంది. "ఆయనే అండ్ల ఎట్లుంటుండో. నేను దీపం ఏడ పెట్టాలె?"

కొన్నాళ్లకి మళ్లీ నన్ను పిలిపించింది. "బిడ్డా, ఒక్క రాయి ఇయ్యి. ఇంటి ముంగట పెట్టుకుని దాని మీద దీపం పెట్టుకుంట. నీకు జాడ తెలిసిన రాయి వద్దు. అది ఎప్పటికన్న గుడికి అక్కరకొస్తది. జాడ తెల్వనిది ఇయ్యి."

కాదనలేకపోయాను. మూడో వరుసలో ఒక రాయి చూపించాను. ట్రాక్టరు ట్రాలీలో ఎక్కించి, ఆరుగురు గడ్డపారలతో దించారు. ఆ సాయంత్రం ఆమె దాని మీద దీపం పెట్టింది.

పక్కింటివాళ్లు తమకీ ఒకటి కావాలన్నారు. అవ్వకి ఇచ్చి వాళ్లకి లేదనడానికి నా దగ్గర కారణం లేదు. ఆ తర్వాత నన్ను అడగడం మానేశారు. పెళ్లయి ములకలపల్లి వైపు వెళ్లిన ఆడపిల్లలు వచ్చి తలా ఒకటి తీసుకెళ్లారు. అట్లా సాదా గోడరాళ్లన్నీ ఇళ్లకి పోయాయి. వాటిని ఎవరూ బట్టలు ఉతకడానికి వాడలేదు, మెట్టుగా వేయలేదు. ప్రతి ఇంటి ముందూ నిలబెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి, పూలు పెట్టారు. చెలకలో కడిగినంత శ్రద్ధగానే చూసుకున్నారు. బాఫువోన్‌లో కూడా ఇట్లాంటిదే జరిగిందని ఆ రోజుల్లో చదివాను. ఎన్నో తరాల తర్వాత అక్కడివాళ్లు ఆ శివాలయం రాళ్లే తీసి, దాని పడమటి వైపు పడుకున్న బుద్ధుణ్ణి చేశారు. గుడిని సరిచేసినవాళ్లు ఆ బుద్ధుణ్ణి విప్పలేదు, విప్పితే గుడికి రాళ్లు దొరుకుతాయని తెలిసి కూడా.

నేను మాత్రం చివరి ప్రయత్నంగా, ఏ రాయి ఏ ఇంట్లో ఉందో రాసుకుందామని నోటుబుక్కు పట్టుకుని కాలనీలో తిరిగాను. ఎప్పటికైనా, ఎవరైనా, సమయం ఉన్నవాళ్లు వస్తే పనికొస్తుందని. నలభై ఇళ్ల దాకా కొలిచాను. నలభై ఒకటో ఇంట్లో ఒకామె వాకిలి ఊడుస్తోంది. రాయి ముందు అగరుబత్తి వెలుగుతోంది. నేను టేపు తీసి వంగబోతే చీపురు పక్కన పెట్టి అడ్డంగా వచ్చింది.

"దేవునికి టేపు పెడ్తరా అన్నా?"

"కొలత రాసుకుంట తల్లీ. గుడి కడితె ఇది ఎక్కడిదో తెలుస్తది."

"గుడి కట్టిన్రు గదా," అంది, రంగుల గోపురం వైపు చెయ్యి చూపిస్తూ. తర్వాత గొంతు తగ్గించి, "మా పిల్లకు జ్వరం వస్తె దీనికే మొక్కినం, తగ్గింది. ఇంక దీన్ని అడగకు అన్నా," అంది.

టేపు చుట్టుకున్నాను. ఆమె నాకు మంచినీళ్లు ఇచ్చింది, తాగాను. స్థలం దగ్గర నూట అరవై నాలుగు రాళ్లు ఇంకా ఉన్నాయి. స్తంభాలు, దూలాలు, ద్వారబంధం, పద్మం చెక్కిన పలక, అన్నీ ఎక్కడివో తెలిసినవే. వాటిని మోసే గోడ లేదు.